ముల్లర్ గారి పద్దుల పుస్తకం

ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ఊరి నుంచి 1836లో రెండు జంటలు ఓడెక్కి మన తీరానికి వచ్చాయి. విలియం బౌడెన్ రాతిపని మేస్త్రీ. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ ఎక్సెటర్‌లో బాగా సాగుతున్న పళ్ల వైద్యం వదులుకున్న మనిషి. వీళ్లెవరికీ నెలనెలా జీతం పంపే సొసైటీ లేదు. ఎవరైనా ఇస్తే తినాలి, లేకపోతే సర్దుకోవాలి. నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. గ్రోవ్స్ చెల్లెలు మేరీని పెళ్లాడినవాడే బ్రిస్టల్ అనాథాశ్రమాల జార్జి ముల్లర్.

ముల్లర్ పేరు మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. బల్ల మీద ఖాళీ పళ్లేలు, పిల్లల ప్రార్థన, అంతలో తలుపు తట్టిన రొట్టెలవాడు. ఈ కథ తెలిసినంతగా ఆయన రాసిన లెక్కలు తెలియవు. 1837లో మొదటి భాగం అచ్చయిన ఆయన వృత్తాంతం, ఆ తర్వాత ఏటేటా వెలువడిన నివేదికలు తెరిచి చూస్తే చెయ్యి తిరిగిన పద్దుకారుడు కనిపిస్తాడు. విరాళాల మీద పిల్లల హోము నడిపేవాళ్లు ముందు చదవాల్సింది ఆ పనితనాన్ని.

పేజీ తిప్పితే తేదీ, ఊరు, పొడి అక్షరాలు, పౌన్లు, షిల్లింగులు, పెన్నీలు. పెద్ద మొత్తం పక్కనే ఎవరో ఇచ్చిన చిల్లర కూడా అంతే శ్రద్ధగా ఉంటుంది. డబ్బు లేనివాళ్లు వెండి చెంచా ఇచ్చారు, ఉంగరం ఇచ్చారు, పాత బట్టలు ఇచ్చారు. వస్తువు వస్తువుగా ఒకసారి, అమ్మితే వచ్చిన సొమ్ముగా మరోసారి లెక్కకెక్కుతుంది. దాత పూర్తి పేరు మాత్రం అచ్చులో ఉండదు. పొరుగువాడికి గొప్ప చూపుకునే వీలు లేదు, తన కానుక చేరిందో లేదో చూసుకునే వీలు మాత్రం ఉంది. ఈ రెండింటినీ ఒకే వరసలో ఇమిడ్చాడు.

రెండో నేర్పు, సొమ్ములు కలగలపకపోవడం. పిల్లల పోషణది వేరు, బడులది వేరు, మిషనరీలకు పంపేది వేరు, కట్టడానిది వేరు. ఆష్లీ డౌన్‌లో మొదటి భవనానికి కావలసిన మొత్తం చేతికొచ్చాకే 1847లో పని మొదలుపెట్టాడు. 1849లో 300 మంది పిల్లలకు అందులో చోటు దొరికింది. 1870 నాటికి అయిదు భవనాలు లేచాయి, 2,050 మందికి చోటు. అయినా అరువు లేదు. పాలవాడి దగ్గరా రొట్టెలవాడి దగ్గరా వారం ఖాతా పెట్టడం మానేసి, ఏ పూటకాపూట డబ్బిచ్చి కొనే పద్ధతికి మారాడు. డబ్బు లేని రోజున కొనడం ఉండదు, అంతే.

ఎవరినీ డబ్బు అడగనన్నది ముల్లర్ నియమం. అడగను అంటూనే ఏటా నివేదిక అచ్చువేయించడం అడగడం కాదా? ఈ అనుమానం ఎవరికైనా వస్తుంది. ముల్లర్‌కూ వచ్చింది. 1841 చివర నివేదిక వేయాల్సిన వేళకు చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు వేస్తే జోలె పట్టినట్టవుతుందని నివేదికనూ బహిరంగ సభనూ వాయిదా వేశాడు. కష్టం తీరాకే కష్టాన్ని రాశాడు. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఆయన ఆపి ఉంచిన ఆ పేజీలే. 1898లో చనిపోయేనాటికి ఆయన చేతిమీదుగా వెళ్లింది సుమారు 15 లక్షల పౌన్లు, నీడ దొరికింది 10,000 మందికి పైగా పిల్లలకు.

ఈ పద్ధతిని మన డెల్టాకు తెచ్చి చూస్తే ఎక్కడ పట్టుతప్పుతుందో తెలుస్తుంది. ఇక్కడ పిల్లల హోముకు వచ్చేది చాలావరకు వస్తురూపం. కోతల పండుగకు బియ్యం బస్తా, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు. పుట్టినరోజుకో పెద్దవాళ్ల జ్ఞాపకార్థమో ఒక పూట భోజనం. డిసెంబరులో కేకులు, దుప్పట్లు వద్దన్నా వస్తాయి. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు ఒక్కసారే మీద పడతాయి, అప్పుడు అడిగేవాడుండడు. బిర్యానీకి దాత దొరుకుతాడు, కరెంటు బిల్లుకు దొరకడు. వంటమనిషి జీతం, మరుగుదొడ్ల మరమ్మతు, జ్వరమొచ్చిన పిల్లవాడి మందులు ఎవరి పుట్టినరోజుకూ సరిపడే కానుకలు కావు.

విదేశీ సాయం సంగతి మరింత బిగిసింది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణ వచ్చాక ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు పంచడం కుదరదు. ఎక్కడో నగరంలో ఉన్న పెద్ద సంస్థ నుంచి పల్లెలోని చిన్న హోముకు వచ్చే దారి అలా మూసుకుపోయింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద హోముకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పిల్లవాడు బాలల సంక్షేమ కమిటీ ద్వారా రావాలి. ఇవన్నీ అవసరమే. కానీ వీటికి పట్టే రాతపనికీ ఆడిటరుకూ కూడా డబ్బే కావాలి.

ముల్లర్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోవడమూ ఇప్పుడు కుదరదు. పేరు చెప్పని విరాళం పరిమితి దాటితే సేవాసంస్థ 30 శాతం పన్ను కట్టాల్సి రావచ్చు. కాబట్టి దాత పేరు, చిరునామా రిజిస్టరులో ఉండాల్సిందే. అవి ఫ్లెక్సీ మీదికెక్కాలని మాత్రం ఏ చట్టమూ అడగలేదు. రసీదు నంబరు, తేదీ, మొత్తం, ఏ పద్దుకు చేరింది, ఎంత మిగిలింది అని అయిదు వరసలు ప్రతి నెలా అచ్చువేసి పంచితే కరెంటు బిల్లు కూడా దాత కంట పడుతుంది. కంట పడని ఖర్చుకు ఎవరూ ఇవ్వరు.

చాలా హోములు ఇందుకు మారుగా పిల్లల ముఖాలు చూపిస్తాయి. సంరక్షణ అవసరమైన బిడ్డ గుర్తింపు బయటపడేలా ఫొటోలు వేయడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నేరమంటోంది. చట్టం మాట అలా ఉంచినా, రేపు పెద్దదై ఉద్యోగం చేసుకునే అమ్మాయికి తన ఆకలి ముఖం ఎవరి ఫోన్లోనో తిరగడం ఇష్టముండదు. దాతకు చూపించాల్సింది పిల్లను కాదు, పద్దును. నూట ఎనభై ఏళ్ల కిందటి ఆ పేజీలు అంత పొడిగా ఉండి కూడా డబ్బు రప్పించాయి.