జల్లెడలోంచి మొలిచే పచ్చిక

బ్రిటన్‌లో, జర్మనీలో ఇంటి అటకల మీద, పెరటి షెడ్లలో బుల్లి రైళ్ల ఊళ్లు కట్టుకునేవాళ్లు ఎందరో. పట్టాలు, ఇంజన్లు దుకాణంలో దొరుకుతాయి. పచ్చిక మాత్రం చాలాకాలం వాళ్లకు లొంగలేదు. రంగు వేసిన రంపపు పొట్టు చల్లేవారు. దూరానికి పచ్చగానే ఉండేది, దగ్గరికి వెళ్తే పొట్టే. గడ్డి అంటే రంగు ఒక్కటే కాదు, నిలబడే పోచ. ఆ నిలబడటాన్ని స్థిర విద్యుత్తు తెచ్చిపెట్టింది.

ఈ గడ్డి సన్నని నైలాన్ పోగులు. హెచ్‌ఓ అనే రకం బుల్లి రైళ్ల కొలత 1:87 కాబట్టి 2 మిల్లీమీటర్ల పోగు 17 సెంటీమీటర్ల గడ్డి అవుతుంది, 6 మిల్లీమీటర్లది అర మీటరు దాటుతుంది. జర్మనీకి చెందిన నోఖ్ లాంటి కంపెనీలు వీటిని చల్లే పరికరాలు అమ్ముతున్నాయి. వాటి ధర చూసి వెనక్కి తగ్గినవాళ్లు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టారు. కొందరు దోమల బ్యాటు విప్పి అందులోని సర్క్యూటు వాడారు. పొట్టి పోగులకు అది చాలుతుంది, పొడుగు పోగుల దగ్గర బలం చాలదు. అందుకే ఎక్కువమంది గాలి శుద్ధి యంత్రాల్లో ఉండే నెగటివ్ అయాన్ మాడ్యూల్ వైపు మళ్లారు. అగ్గిపెట్టెకు కాస్త అటూఇటూ ఉండే ఆ డబ్బా 12 వోల్టులు తీసుకుని వేల వోల్టులు ఇస్తుంది. ఇచ్చేది డీసీ అయి ఉండాలి. ఏసీ ఇచ్చే ఓజోన్ మాడ్యూల్ ఈ పనికి రాదు.

వైరింగ్‌లో పెద్ద చిక్కు లేదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి నొక్కితేనే పనిచేసే బటన్‌కు, అక్కడినుంచి మాడ్యూల్ ఎర్ర తీగకు. నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కు. అధిక వోల్టేజి తీగ టీ వడపోసే లోహపు జాలికి; పోగులు పోసే జల్లెడ అదే. ఈ తీగ బ్యాటరీ వైర్లను ఆనుకోకూడదు. పిడిగా ప్లాస్టిక్ గొట్టం పెట్టాలి. అధిక వోల్టేజి తీగ దారిలో మెగా ఓముల రెసిస్టర్లు కొన్నిటిని వరసగా అతికించాలి. మామూలు చిన్న రెసిస్టర్ ఒక్కటే అంత వోల్టేజి తట్టుకోలేదు. మొత్తం 10 మెగా ఓములైతే, 10 వేల వోల్టుల దగ్గర కూడా కరెంటు ఒక మిల్లీఆంపియరు దాటదు.

ఇక అసలు కీలకం తిరుగు తీగ. వోల్టేజి పెంచితే గడ్డి బాగా నిలబడుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. నా లెక్కలో పని చెడేది ఎక్కువగా తిరుగు దారి దగ్గరే. మాడ్యూల్‌కు రెండో అవుట్‌పుట్ తీగ ఉంటే దాన్ని, లేకపోతే చాలావాటిలో ఇన్‌పుట్ నెగటివ్ నుంచి తీసిన తీగను, ఒక క్లిప్పుకు కలపాలి. ఆ క్లిప్పు తడి జిగురులో గుచ్చిన మేకును పట్టుకోవాలి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు తడిగా ఉన్నంతసేపూ కరెంటు పారనిస్తుంది. అప్పుడు జాలికీ జిగురుకూ మధ్య విద్యుత్ క్షేత్రం నిలుస్తుంది. జాలిని తాకి ఆవేశం పొందిన పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ క్షేత్రరేఖల వెంట నిలువుగా దూకి జిగురులో దిగుతాయి. ఎండిన జిగురు మీద, లేదా మేకుకు బాగా దూరంగా, ఎంత వోల్టేజి ఇచ్చినా అవి పడుకునే ఉంటాయి. పెద్ద బయలైతే మేకును చోటుచోటుకూ మార్చుతూ పోవాలి.

బటన్ వదిలాక జాలికి క్లిప్పు తాకించి మిగిలిన ఆవేశం దించేయాలి. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటుతో ఈ పరికరాన్ని ఎన్నడూ నడపకూడదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. స్ప్రే జిగురు ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ ప్రమాదం. లోపలి ఎలక్ట్రానిక్ భాగాలు పాడుకాకుండా ఇంజన్లను ముందే పక్కకు తీసేయాలి.

పరికరం సిద్ధమయ్యాక పని కంటికి మారుతుంది. ఒకే పచ్చ రంగు చల్లితే పొలం తివాచీలా కనిపిస్తుంది. అందుకే ఎండుగడ్డి రంగు, ముదురు పచ్చ కలుపుతారు. ఇంగ్లండ్‌లోని పెండన్ మ్యూజియం 1920లు, 30ల నాటి పల్లెసీమను 1:76 కొలతలో కట్టింది. అలాంటిచోట నిలబడి చూస్తే గడ్డికి కూడా ఊరూ కాలమూ ఉంటాయని తెలుస్తుంది. పశువులు మేసిన చోట 2 మిల్లీమీటర్ల పోగులు, కంచె అంచున 6 మిల్లీమీటర్లవి. మొదటి పొర ఆరాక, వాక్యూమ్ గొట్టానికి పలుచని మేజోడు తొడిగి మిగిలిన పోగులు లాగి, మళ్లీ జల్లెడలో పోసుకుంటారు. ఆ తరువాత పొడుగు పోగుల కోసం పైన మచ్చలు మచ్చలుగా కొత్త జిగురు రాసి, మేకు మళ్లీ తడిలో గుచ్చుతారు.