మాట వినబడని బొమ్మల పాఠము

అనంతపురము ప్రాంతములో మబ్బు కమ్మినదంటే రైతు ముందు మెరుపును చూచి, తరువాత ఉరుము కొరకు చెవి ఒగ్గుతాడు. వెలుగు ముందు, ధ్వని వెనుక: ఇది ప్రకృతి క్రమము. ఈ క్రమము ఎరిగిన విద్యార్థికి, నేడు ఇండ్లలోనికి, బడులలోనికి వచ్చిన స్ట్రీమింగ్ ప్లేయరును పరీక్షించుట కష్టము కాదు.

ఇంటర్నెట్టు ద్వారా వచ్చే చిత్రమును, ధ్వనిని అందుకొని టెలివిజనుకు అందించుట ఈ చిన్న పరికరము పని. దానితో పాటు పెట్టెలో వచ్చే సూచనల కాగితమును ఇక్కడ విమర్శకు తీసుకొంటున్నాను. నేను చూచిన కాగితములలో ఒక గుణమున్నది: తీగ ఎక్కడ గుచ్చవలెనో చదువు రానివారికి కూడ బొమ్మలే చెప్పును. కాని తెర వెలిగితే పని ముగిసినదని వాటి భావము. ధ్వని ఏ దారిన పోవుచున్నదో ఒక్క మాట లేదు. తెలుగు అసలే లేదు.

ఈ లోపము చిన్నది కాదు. కళ్యాణదుర్గము వైపు ఒక ఉన్నత పాఠశాలలో భూగర్భజలములను గూర్చిన డాక్యుమెంటరీ చూపినారు. టెలివిజను గొంతు వెనుక బెంచీకి చాలదని, ఒక ఇంటి నుండి ఆంప్లిఫయరును, రెండు స్పీకర్లను తెచ్చి తగిలించినారు. సంగీతము గదంతా మ్రోగినది. వ్యాఖ్యాత మాట మాత్రము వినబడలేదు! బోరుబావి ఎండుట పిల్లలు చూచినారు గాని, ఎందుకు ఎండెనో వినలేదు. తీగ వదులైనదని అందరూ అనుకొన్నారు. తీగ బాగానే ఉన్నది.

కారణమేమి? అటువంటి చిత్రములకు తరచు 5.1 పద్ధతిలో ధ్వనిని కూర్చుతారు. ముందు ఎడమ, కుడి, మధ్య, వెనుక రెండు, ఇవి గాక మంద్రస్వరములకు ఒకటి. సాధారణముగా మాటలు మధ్య స్పీకరుకే పోవును. ఆంప్లిఫయరు తన ఇంటిలోని మధ్య స్పీకరు ఇంకను ఉన్నదనుకొని, మాటలను లేని స్పీకరుకు పంపినది. మెనూలో మధ్య స్పీకరు లేదని తెలిపినా, ప్లేయరులో స్టీరియో ఎన్నుకొన్నా, ఆ మాటలు రెండు స్పీకర్లకు పంచబడును. ఖర్చు లేని చికిత్స!

ఇక ధ్వనికి దారులు మూడు. ప్లేయరును టెలివిజనుకు కలిపి, అక్కడి నుండి ధ్వనిని ఆంప్లిఫయరుకు మరలించుట ఒకటి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ప్రమాణము ఇందుకు ఏఆర్‌సీ అనే వీలు కల్పించినది. రెండు వైపులా ఆ పేరున్న రంధ్రములనే వాడవలెను. ప్లేయరును ముందుగా ఆంప్లిఫయరుకు కలిపి, చిత్రమును టెలివిజనుకు పంపుట రెండవది. టెలివిజను బొమ్మను దిద్దుకొనుటకు ఆలస్యము చేస్తే, ఇందులో మాట ముందు, పెదవి కదలిక వెనుక కావచ్చును. మూడవది బ్లూటూత్, ఇందులో ధ్వని తరచు 100 నుండి 200 మిల్లీసెకండ్లు వెనుకబడును.

ఈ తేడా ఎంతవరకు తెలియదు? 1998 నాటి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘపు సిఫారసు ప్రకారము, ధ్వని 45 మిల్లీసెకండ్లు ముందు వచ్చినను పసిగట్టగలము. వెనుకబడితే మాత్రము 125 వరకు గుర్తించము. మెరుపు తరువాత ఉరుము వినుటకు అలవాటుపడిన చెవి మనది! ధ్వని వేగము సెకండుకు 340 మీటర్లు గనుక, ఎనిమిదిన్నర మీటర్ల దూరములోని వెనుక బెంచీకి సహజముగానే 25 మిల్లీసెకండ్ల ఆలస్యమున్నది. ఇది విద్యార్థులు స్వయముగా లెక్కకట్టవచ్చును.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు అందినవి. ఆ ప్రసారములో ఒక చిత్రముతో రెండు ధ్వని మార్గములు పంపే వీలు ఉండెను. ఒకే బొమ్మను ఇద్దరు రెండు భాషలలో వినవచ్చునన్న ఆలోచన ఆనాడే ఉన్నది. నేటి కాగితము ఆ సంగతి మరచినది.

కనుక ఆ కాగితమునకు మరొక బొమ్మ చేర్చవలెను: ప్లేయరు నుండి చెవి వరకు ధ్వని నడిచే దారి, తెలుగు మాటలతో. కంపెనీ వేయకపోతే పదవ తరగతి విద్యార్థులే వేసి గోడకు అంటించవచ్చును. పిమ్మట ఉపాధ్యాయుడు తెర ముందు గాక, వెనుక బెంచీలో కూర్చుండి వినవలెను. అక్కడ మాట స్పష్టముగా వినబడిన నాడే పరికరము అమరినట్లు.