విజ్ఞానకల్పనా నవలలయందు ధర్మజిజ్ఞాస

విజ్ఞానకల్పనా నవల యనగానే యంత్రములును గ్రహాంతరయానములును స్ఫురించుట సహజము. మతమునకు, తత్త్వమునకు ఆ ప్రక్రియయందు చోటు గలదని తలంపనివారు పెక్కురు. ఆంగ్లమున 1958 మొదలు 1967 వఱకు వెలువడిన మూడు నవలలు ఈ యభిప్రాయమును సవరింపగలవు. అవి యేల పఠనీయములో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

విచారణకు ముందొక ప్రమాణము వలయును. పాత్రలచేత వేదాంతచర్చ చేయించినంతమాత్రమున నవల తాత్త్వికము కాజాలదు. కల్పితలోకమును తొలగించినచో ఏ ప్రశ్న యంత తీవ్రముగా పుట్టనేరదో, అట్టి ప్రశ్నను లేవనెత్తినపుడే ఆ కల్పన సార్థకము.

జేమ్స్ బ్లిష్ రచించిన 'ఎ కేస్ ఆఫ్ కాన్షన్స్' (1958) నందలి నాయకుడు రూయిజ్-సాంచెజ్ జెస్యూట్ ఆచార్యుడు, జీవశాస్త్రజ్ఞుడును. లిథియా యను గ్రహమునందలి ప్రాణులు దైవము నెఱుగరు. అయినను వారియందు నేరము లేదు, కలహము లేదు. దైవము లేక ధర్మము నిలువదని నమ్మిన ఆచార్యునకు ఇది సంకటము. ఆ లోకము సైతాను సృష్టియని యతడు నిశ్చయించును. కాని సైతానునకు సృష్టిశక్తి గలదనుట అతని మతముననే పాషండవాదము. విశ్వాసమును కాపాడబోయి యతడు విశ్వాసమునకే దూరమగును. తుదకు గ్రహము నశించును. అది యతని ఉచ్చాటనమునకు ఫలమో, వేఱొక శాస్త్రజ్ఞుని ప్రయోగమున దొర్లిన దోషమో రచయిత తేల్చలేదు. ఈ సందిగ్ధతయే నవలకు బలము. భూలోకమున నడచు ఉత్తరభాగము మాత్రము అధిక్షేపమునకు లోబడి కొంత సడలినది.

వాల్టర్ మిల్లర్ రచించిన 'ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్' 1961లో హ్యూగో పురస్కారము నందినది. 1944లో ఇటలీయందలి మాంటే కాసినో మఠముపై జరిగిన బాంబుదాడిలో రచయిత స్వయముగా పాల్గొనినవాడు. మఠమును కూల్చిన సైనికుడే మఠము విద్యను కాపాడిన కథ వ్రాయుట గమనింపదగినది. అణుయుద్ధానంతరము జనులు గ్రంథములను దహింపగా, సన్న్యాసులు మిగిలిన పత్రములకు అర్థమెఱుగకయే ప్రతులు వ్రాయుదురు. ఒక సన్న్యాసి విద్యుత్పరికరపు రేఖాపటమును స్వర్ణాలంకృతముగా ప్రతి వ్రాయుటకు 15 సంవత్సరములు వెచ్చించును. తాళపత్రలేఖకుల శ్రమ నెఱిగిన మనకు ఈ ఘట్టము కేవలపరిహాసముగా తోపదు. శతాబ్దములు గడచిన పిమ్మట విద్య వికసించి, మరల అణ్వస్త్రములకే దారితీయును. దుర్వినియోగమగునని తెలిసియు జ్ఞానమును రక్షింపవలయునా? నవల సులభమైన సమాధాన మీయలేదు.

రోజర్ జెలాజ్నీ రచించిన 'లార్డ్ ఆఫ్ లైట్' (1967) మనకు మిక్కిలి సన్నిహితము. పరగ్రహమున స్థిరపడిన మానవులలో కొందఱు యంత్రబలముచే బ్రహ్మ, యముడు, కాళి మున్నగు నామములు ధరించి యేలుదురు. మనస్సును నూతనదేహమున ప్రవేశపెట్టు విద్య వారి యధీనము. కర్మాధికారులు పరీక్షించి పునర్జన్మను నిర్ణయింతురు. కర్మఫలమును ధర్మమే యిచ్చునని జైమిని, ఈశ్వరుడిచ్చునని బాదరాయణుడు. ఫలదాత సామాన్యమానవుడే యైనచో? ఇది మన దర్శనములు ఎదుర్కొననవసరము లేకపోయిన ప్రశ్న. పాలకుల నెదిరింప బుద్ధుని వేషము దాల్చిన సామ్ తన బోధను తాను నమ్మడు. అతనిని చంపవచ్చిన రిల్డ్ ఆ బోధవలననే నిజముగా జ్ఞానియగును. బోధకుని కాపట్యము బోధను దూషింపదా? నవలయందు ఉత్తమభాగమిదియే. దేవతలు పెక్కుచోట్ల వేషమాత్రులగుట దీని లోపము.

మొదటి యిరువురు తమ సమాజమునకు చిరపరిచితమైన మతమునే పరీక్షించిరి గనుక లోతు హెచ్చినది; మూడవవాడు అన్యధర్మమును గ్రహించినందున వైచిత్రి హెచ్చినది. ఒక్కటియే చదువగోరువారు మిల్లర్ నవలను ఎన్నుకొనుట మేలు. దర్శనపరిచయము గల పరిశోధకులు మాత్రము జెలాజ్నీని విడువరాదు. అతడు లేవనెత్తి వదలిన ప్రశ్నను చివరికంట విచారింపదగిన సామగ్రి మన శాస్త్రములయందే కలదు. ఆ పని చేయవలసినవారు మన పాఠకులే.