పైథాన్ చెప్పు తప్పులు, చెప్పని తప్పులు

పైథాన్ నేర్చుకొను విద్యార్థి మొదటి వారములోనే బ్రాకెట్టు తెరచి మూయుట మరచును. పూర్వపు కూర్పులలో ఇట్టి దోషము జరిగినప్పుడు యంత్రము తరచు ఆ పంక్తిని వదలి, దాని క్రింది పంక్తిలో వ్యాకరణదోష మున్నదని చూపెడిది. చూపిన పంక్తి నిర్దుష్టమైనది! విద్యార్థి దానినే చెరిపి, మరల వ్రాసి, తుదకు తనకే బుద్ధి లేదను నిశ్చయమునకు వచ్చెడివాడు. మోకాలికిని బోడిగుండుకును ముడివేయుట యన్న నిదియే గదా.

2021 అక్టోబరులో వెలువడిన 3.10 కూర్పు ఈ దోషమును చాలవరకు తొలగించినది. మూయని బ్రాకెట్టు ఎచ్చట తెరువబడినదో అచ్చటనే చూపును. పేరులో ఒక అక్షరము తప్పినచో దానికి దగ్గరి పేరును సూచించును. మరుసటి యేటి 3.11 కూర్పు, పంక్తిలో ఏ భాగమున దోషము పుట్టినదో క్రింద గుర్తు వేసి చూపును. మెచ్చదగిన పనియే. 1991లో వెలువడిన భాష ఈపాటి దయకు 30 ఏండ్లు తీసికొనుట మాత్రము మెచ్చదగదు.

అయినను అసలు ఆక్షేపణ వేరు. ఇన్‌పుట్ అను ఆదేశము కీబోర్డుపై కొట్టినదానిని సంఖ్యగా గాక, అక్షరముల వరుసగా అందించును. 25 అని కొట్టి, దానికి 1 కలుపబోయినచో పైథాన్ వెంటనే ఆగి తప్పు చెప్పును. మేలు. దానినే 2 చేత గుణించినచో? 50 రాదు, 2525 వచ్చును. హెచ్చరిక యేదియు లేదు. అక్షరముల వరుసను గుణించుట యనగా దానిని అన్నిమార్లు వ్రాయుట యని ఈ భాష నియమము. అడ్డగీత గుర్తును 40తో గుణించి పట్టికకు గీత గీయువారికి ఈ నియమము సుఖమే. లెక్క వేయు బాలునికి గాదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది పోలిక. ఇట్లు తీసికొన్న రెండు మార్కులను పోల్చినచో, 100 కంటె 25 పెద్దదని పైథాన్ తేల్చును. నిఘంటువులో వలె మొదటి అక్షరములనే ముందు చూచును గనుక, 1 కంటె 2 పెద్దదైనది. నూటికి నూరు తెచ్చుకొన్నవాడు ఆ జాబితాలో 25 వానికి వెనుకబడును. ప్రోగ్రాము మాత్రము చక్కగా నడచినట్లే కనబడును.

"ఇంట్ అని చేర్చుము" అని చాలమంది ఉపాధ్యాయులు చెప్పి ఊరకుందురు. కారణము చెప్పరు. 25.5 అని కొట్టినప్పుడు ఆ మంత్రమును ఫలింపదు. అచ్చట ఫ్లోట్ కావలయును. ఇంతకంటె ముందు, టైప్ అను ఆదేశముతో ఆ విలువ యే జాతిదో అడుగుట నేర్పినచో, అది సంఖ్య కాదని పైథానే ఒక్క పంక్తిలో చెప్పును.