వార్తకు వేగమే విలువా?

1994 సెప్టెంబరులో సూరత్ నగరంలో ప్లేగు వార్త గుప్పుమన్నది. అధికారిక లెక్కలో మృతులు 60కి లోపే. కొన్ని పత్రికలు మాత్రం వదంతిని నమ్మి వందలని అచ్చువేశాయి. కొద్ది రోజులలోనే లక్షలాది జనం ఊరు విడిచారు.

నేడు అక్కడి మరమగ్గాలపై బ్రతికే తెలుగు నేతకార్మికునికి స్వభాషలో వార్త క్షణాలలో ఫోనుకే అందుతున్నది. ఇది మేలే. అయితే అచ్చుకు ముందు ఉపసంపాదకునికి దక్కే వ్యవధి ఈ సాధనంలో కరవైనది. ఆ వ్యవధి ఉండి కూడా 1994లో కొందరు సరిచూడలేదు. కనుక లోపాన్ని యంత్రానికే అంటగట్టడం న్యాయం కాదు.

సూరత్‌లో 1863లో పుట్టిన ‘గుజరాత్‌మిత్ర’ వంటి పత్రికలకు అసలు ఆస్తి పాఠకుని నమ్మకమే. వార్త ఎంత వేగంగా చేరిందో, దాని సవరణ కూడా అంతే వేగంగా అదే పాఠకునికి చేరాలి. డిజిటల్ పత్రికారచన భవిష్యత్తుకు అదే గీటురాయి.