పున్నమికి పెట్టిన పేర్లు

జూన్ వచ్చిందంటే టీవీలన్నీ ‘స్ట్రాబెర్రీ మూన్’ అంటాయి. చంద్రుడు ఎర్రగా కనిపిస్తాడేమోనని పిల్లలు మేడెక్కుతారు. ఆ పేరుకూ రంగుకూ సంబంధం లేదు. ఉత్తర అమెరికాలోని ఓజిబ్వే జనానికి అడవిలో స్ట్రాబెర్రీలు పండే నెల అది. అదే జనంలో అడవి వరి దులిపే నెలకు ఆ పనే పేరు. తర్వాత అమెరికా రైతు పంచాంగాలు రకరకాల తెగల పేర్లను కలిపి నెలకొకటి చొప్పున ఒకే జాబితా కట్టాయి. ఇప్పుడు లోకమంతా తిరుగుతున్నది అదే.

ప్రతి పున్నమికీ మేడ మీద నిలబడి చంద్రోదయం చూడటం, ఆ వేళను డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. మర్నాడు కూడా చూస్తాను. చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఇంగ్లండ్ లాంటి ఉత్తరపు దేశాల్లో సెప్టెంబరు విషువత్తుకు దగ్గరి పున్నమి రోజుల్లో మాత్రం ఆ ఆలస్యం అరగంట కూడా ఉండదు. వరసగా కొన్ని సాయంత్రాలు పొద్దు గుంకీ గుంకగానే వెన్నెల వచ్చేస్తుంది, కోత ఆగదు. ‘హార్వెస్ట్ మూన్’ అన్న పేరు ఆ వెలుగులో పనిచేసినవాళ్లది. మన దగ్గర ఆ తేడా అంతగా తెలియదు.

ఈ అలవాటే నన్ను బీడ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇంగ్లండ్‌లోని జారో మఠంలో ఉన్న ఈ క్రైస్తవ సన్యాసి 725లో కాలగణన మీద రాసిన గ్రంథంలో, తన పూర్వీకులు క్రైస్తవం పుచ్చుకోకముందు వాడిన నెలల పేర్లు దాచిపెట్టాడు. ఆవులు రోజుకు మూడుసార్లు పాలిచ్చే నెల మే. వధించబోయే పశువులను దేవతలకు అర్పించే నెల నవంబరు. అక్టోబరు పున్నమితో చలికాలం మొదలు. చాంద్రమానం వెనకబడిన ఏడు వేసవిలో ఒక నెల అదనంగా చేర్చేవారు. అది చదివి మన అధిక మాసం గుర్తొచ్చి ఎంత సంతోషించానో! తన జనం వదులుకున్న దేవతల పండగలను అంత శ్రద్ధగా రాసిపెట్టిన బీడ్ అంటే నాకు గౌరవం.

క్రైస్తవానికి ముందటి ఆ ఆరాధనలను మళ్లీ పాటించే నేటి పేగన్లు జరుపుకునే ఎనిమిది పండగల చక్రం మాత్రం అంత పాతది కాదు. వాటిలో సంహైన్, బెల్టేన్ వంటి రుతువుల పండగలు ఐర్లండ్, స్కాట్లండ్‌లలో పాతవే. వాటినీ, అయనాల, విషువత్తుల పండగలనూ ఒక్క చక్రంగా కూర్చింది 1950లలో బ్రిటన్‌లో. ఎడిన్‌బరోలో కాల్టన్ కొండ మీద ఏప్రిల్ 30 రాత్రి మంటలు వెలిగించే బెల్టేన్ ఉత్సవం 1988లో మొదలైంది. కొత్తవని వాటిని తీసిపారేయను. రుతువు మారిందని పదిమంది కలిసి గుర్తించడం మంచి పనే.

నా అభ్యంతరం అరువు పేరు మీదే. మనకు స్ట్రాబెర్రీ మూన్‌గా చూపిస్తున్నది చాలా ఏళ్లలో జ్యేష్ఠ పున్నమే. అంటే ఎద్దులను కడిగి, అలంకరించి, నాగలికి పూజ చేసే ఏరువాక పున్నమి. ఈసారి ఆ రాత్రి పిల్లలతో మేడెక్కినప్పుడు స్ట్రాబెర్రీ కథ చెప్పండి, అది ఎవరిదో కూడా చెప్పండి. ఆ తర్వాత ఏరువాక గురించి చెప్పండి.