సందర్శకుడు – కాపరి: జాషువ ‘శ్మశానవాటి’లో స్థలమర్యాద

గుఱ్ఱం జాషువ (1895–1971) ఖండకావ్యాలలో ‘శ్మశానవాటి’కి ఒక విశేషముంది. పుస్తకం తెరవని వారికి కూడా ఇందులోని పద్యాలు వచ్చు. హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను వాటిని ఊరూరికీ చేర్చింది. ఈ ఖండికను సాధారణంగా కరుణరసానికి, అస్పృశ్యతా నిరసనకు ఉదాహరణగా చెబుతారు. ఆ రెండూ అందులో ఉన్న మాట నిజమే. అయితే వాటికి ఆధారంగా నిలిచిన మరొక అంశముంది. కావ్యంలోని వక్త శవం వెంట వచ్చినవాడు కాడు, అక్కడ కొలువున్నవాడూ కాడు. చీకటివేళ ఆ చోటికి వచ్చి నిలిచిన సందర్శకుడు. మృతుల మధ్య అతడు ఎలా మెలగుతాడు, ఏమి చూస్తాడు, దేని జోలికి పోడు అన్న విషయాన్ని పట్టి చూస్తే, ఈ ఖండిక శ్మశానానికి ఒక కొత్త నియమావళిని ప్రతిపాదిస్తున్నట్లు తెలుస్తుంది. ఆ నియమావళి స్వరూపాన్ని, రంగస్థలం మీద దానికి కలిగిన మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆచార నియమాల దిశ

వల్లకాడు, కాడు, రుద్రభూమి, పితృవనం, పరేతభూమి అని తెలుగులో శ్మశానానికి పేర్లు అనేకం. ఆ చోటికి సంబంధించిన కట్టుబాట్లూ అనేకమే. దారిలో పాడెను దించి, మృతుని చెవిలో పేరుపెట్టి పిలిచే దింపుడు కళ్లం ఒకటి. సంస్కారం ముగిశాక వెనుదిరిగి చూడకుండా రావడం మరొకటి. ఇల్లు చేరేముందు స్నానం చేయడం, మైలదినాలు పాటించడం, అనేక కులాలలో స్త్రీలు శ్మశానం దాకా పోకపోవడం ఇటువంటివే. ప్రాంతాన్నిబట్టి, కులాన్నిబట్టి వివరాలు మారినా వీటన్నిటి దిశ ఒక్కటే. ఇవి శ్మశానం నుండి ఇంటివైపు చూస్తాయి. మృత్యుస్పర్శ జీవించి ఉన్నవారికి అంటకుండా కాపాడడం వీటి ప్రయోజనం. అశౌచభావన వీటికి మూలం.

అందుకే ఈ నియమాలలో ఊరికే వచ్చిన సందర్శకునికి చోటు లేదు. పని ఉన్నవాడే పోవాలి, పని తీరగానే రావాలి. ఆ కొద్దిసేపట్లో కలిగే భావానికి సంప్రదాయం పెట్టిన పేరు శ్మశానవైరాగ్యం. పురాణవైరాగ్యం, ప్రసూతివైరాగ్యాలతో కలిపి దీన్ని చెప్పడంలోనే కొంత ఎగతాళి ధ్వనిస్తుంది. స్నానంతో మైల పోయినట్లే వైరాగ్యమూ పోతుందని లోకానుభవం. ఆ వైరాగ్యంలో మనిషి తలచేది తన చావును. ఎదుట కాలుతున్న మనిషి అతనికి ఒక పాఠం మాత్రమే.

‘శ్మశానవాటి’ని వైరాగ్యకావ్యంగా చదివినప్పుడు ఈ తేడా మరుగున పడుతుంది. ఇందులోని వక్త తన చావును తలచడు. సంసారం మిథ్య అని ఉపదేశించడు. తిరిగి ఇల్లు చేరాలన్న తొందర కూడా అతనిలో కనిపించదు. అతని దృష్టి మొదటినుండి చివరిదాకా అక్కడ పడుకొన్నవారి మీద, వారికోసం ఏడ్చినవారి మీద ఉంటుంది.

సందర్శకుని నడవడి

ప్రారంభ శార్దూలంలోనే వక్త కాలాన్ని ప్రస్తావిస్తాడు. ఏళ్లెన్ని గడిచినా ఇక్కడ కన్ను మూసినవాడు ఒక్కడూ లేచిరాలేదని గుర్తించి, తల్లుల దుఃఖాన్ని తలచుకొంటాడు. పద్యం మృతులతో మొదలై తల్లుల వద్దకు వస్తుంది. శ్మశానం మృతులది ఎంతో, వారిని పోగొట్టుకొన్న వారిదీ అంతే అన్న గ్రహింపు ఇక్కడుంది. సందర్శకుడు పాటించవలసిన మొదటి మర్యాద ఇదే: అడుగుపెట్టిన నేల ఇతరుల దుఃఖానిదని ఎరిగి మెలగడం.

తరువాతి సీసంలో కవి, రాజు, చిన్నవయసు ఇల్లాలు, చిత్రకారుడు వరుసగా వస్తారు. వీరిలో ఎవరికీ పేరు లేదు. ప్రతి ఒక్కరినీ వారి చేతిలోనో మెడలోనో ఉన్న వస్తువే గుర్తు చేస్తుంది. కవికి కలం, రాజుకు ముద్రిక, ఇల్లాలికి నల్లపూసలు, చిత్రకారునికి కుంచె. నాలుగు పాదాలలోనూ కవి ‘ఈ చోటు’ను వేలుపెట్టి చూపే సామీప్యవాచకాన్నే మళ్లీమళ్లీ వాడాడు. ఇది అలంకారశోభ కోసం చేసిన ఆవృత్తి మాత్రమే కాదు. ఒకే నేలను నాలుగుసార్లు చూపి, నాలుగుసార్లూ వేరొక మనిషిని గుర్తుచేయడం వల్ల ఏ అడుగు ఎవరి మీద పడుతుందో తెలియదన్న జాగ్రత్త పాఠకునిలో కలుగుతుంది. రాజు ముద్రికకు ముందూ వెనుకా కలం, నల్లపూసలు ఉన్నాయి. అధికారానికి ప్రత్యేకస్థానం ఇవ్వని వరుస ఇది.

ఖండికలో వ్యక్తుల పేర్లు వినిపించే ప్రధాన సందర్భం కాళిదాస, భారవుల ప్రస్తావన. అయితే వారి సమాధులను చూపడానికి ఆ పేర్లు రాలేదు. వారి దేహాలు ఎన్ని రేణువులై, ఏ కుమ్మరి సారెపై తిరుగుతున్నాయో అన్న ఊహ కోసం వచ్చాయి. పేరున్నవారికి గుర్తుగా రాయి కూడా మిగలలేదు. పేరు లేనివారికి కనీసం ఒక దిబ్బ, ఒక దీపం మిగిలాయి.

ఆ దీపాన్ని వర్ణించిన చంపకమాల ఈ నడవడికి కేంద్రం. చిక్కటి చీకటిలో కొత్త సమాధిపై మిణుగురులా ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. ఆముదం అయిపోయినా అది ఆరదు. దాన్ని దీపమనుకోవచ్చునా అని వక్త తనను తాను ప్రశ్నించుకొని, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి అక్కడ వదిలి వెళ్లిన హృదయమని తెలుసుకొంటాడు. ఇందులో గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, వక్త దూరంగానే నిలుస్తాడు. దీపాన్ని ముట్టడు, సమాధి ఎవరిదని ఆరా తీయడు. చూసినదాన్ని సరిగా అర్థం చేసుకోవడమే అతడు చేసిన పని. రెండవది, అతనికంటె ముందే ఒక స్త్రీ అక్కడికి వచ్చి వెళ్లింది. స్త్రీని శ్మశానానికి దూరంగా ఉంచిన ఆచారాన్ని ఆ దీపం నిశ్శబ్దంగా దాటింది. కవి దాన్ని తప్పుగా ఎంచలేదు, సాహసమని పొగడనూలేదు. ఆ నేలపై ఆమెకున్న హక్కును సహజంగా స్వీకరించాడు. పసిబిడ్డల గోరీల ముందు నిలిచిన పద్యంలోనూ ఇదే మెలకువ కనిపిస్తుంది. అక్కడ కూడా వక్తకు తెలిసిన వివరం ఏదీ లేదు. తెలియదన్న స్పృహే అతని కరుణకు ఆధారం.

ఈ సందర్భంలో థామస్ గ్రే 1751లో ప్రచురించిన గ్రామశ్మశాన విషాదగీతితో పోలిక ఉపకరిస్తుంది. రెండింటిలోనూ పొద్దుగూకిన తరువాతి ఏకాంతముంది, అనామకుల పట్ల గౌరవముంది. గ్రే సందర్శకుడు సమాధిఫలకాలను చదువుతాడు. మోటు అక్షరాలతో చెక్కిన పేర్లు, వయసులు, ధర్మవాక్యాలు అతని ఆలోచనకు ఆధారాలు. చివరికి కావ్యం ఒక యువకుని సమాధిపై చెక్కిన పద్యాలతో ముగుస్తుంది. జాషువ శ్మశానంలో చదవడానికి ఫలకం లేదు. చదువు అందని జనం పడుకొన్న నేలలో దీపమే ఫలకం. జాషువ వక్త తనకంటూ ఒక చరమశ్లోకాన్ని కోరుకోడు. గ్రే కావ్యంలో సందర్శకుడు క్రమంగా స్మరణీయుడవుతాడు. జాషువ ఖండికలో సందర్శకుడు చివరిదాకా సందర్శకుడే.

చితి, సమాధి ఒకే నేలపై

ఈ ఖండికలో అగ్ని ఉంది, భస్మం ఉంది, గజ్జెకట్టి ఆడే శివుడు ఉన్నాడు. వీటితోపాటు గోరీలు, సమాధులు కూడా ఉన్నాయి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, హిందూ పురాణభాషలో కవిత్వం చెప్పిన జాషువ జీవితానుభవం ఈ కలయికకు ఒక కారణం కావచ్చు. అయితే దాన్ని కవి జీవితానికే పరిమితం చేయనవసరం లేదు. దహనం చేసే కుటుంబాలలో కూడా పసిపిల్లలను పూడ్చిపెట్టే వాడుక ఉంది. జంగములు, వీరశైవులు మృతులను సమాధి చేస్తారు. తెలుగు పల్లె శ్మశానంలో చితీ సమాధీ పక్కపక్కనే కనిపించడం వింత కాదు. ఏ సంస్కారం ఎవరిదని వక్త ఎక్కడా విడదీయడు. మతభేదాన్ని ఖండిస్తూ ఒక్క పద్యమైనా చెప్పకుండానే, రెండు రకాల మృతుల ముందు ఒకే విధంగా నిలబడ్డాడు. మర్యాద ఇక్కడ ఉపదేశంగా కాక నడవడిగా వ్యక్తమైంది.

కాపరి నోట సందర్శకుని పద్యం

గౌరన ద్విపదలో చెప్పిన హరిశ్చంద్రకథను బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘సత్యహరిశ్చంద్రీయం’ తెలుగు రంగస్థలానికి ప్రీతిపాత్రం చేసింది. ఆ నాటక ప్రదర్శనలలో కాటిసీనులో జాషువ పద్యాలను చేర్చి పాడడం నటుల సంప్రదాయమైంది. డి.వి.సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు వంటి గాయకనటుల గొంతులో అవి పొందిన ప్రచారం అందరికీ తెలిసినదే.

ఈ చేర్పు వల్ల వక్త స్థానం మారింది. ఖండికలో వక్తకు ఆ నేలపై ఏ అధికారమూ లేదు. హరిశ్చంద్రుడు వీరబాహునికి అమ్ముడుపోయిన కాటికాపరి. సుంకం చెల్లనిదే శవం కాలకూడదన్న నియమాన్ని అమలుజరపడం అతని కొలువు. పద్యాలు పాడినవాడే కొంతసేపటికి, పాముకాటుకు చనిపోయిన కొడుకును మోసుకొచ్చిన చంద్రమతిని అడ్డగించి సుంకం అడుగుతాడు. తల్లి దుఃఖాన్ని దీపంలో చదవగలిగిన హృదయమే, ఎదుట నిలిచిన తల్లిని నియమం పేరుతో నిలువరిస్తుంది. మూలంలో లేని ఈ సంఘర్షణ చేర్పువల్ల ఏర్పడింది. కరుణ తెలియనివాడు సుంకం అడిగితే అది క్రౌర్యం. ఇంతటి కరుణ తెలిసినవాడు అడిగినప్పుడు అది సత్యవ్రతంలోని కాఠిన్యాన్ని పూర్తిగా బయటపెడుతుంది. రంగస్థలం జాషువ పద్యాలనుండి పొందిన లాభం ఇది.

నష్టం కూడా ఉంది. కాటిసీను జరిగేది కాశీ దహనభూమిలో. కొత్త సమాధి, పసిబిడ్డల గోరీలు ఆ చోటికి పొసగవు. రాగాలాపనలో ప్రేక్షకుడు ఈ పొంతనలేమిని గమనించకపోవచ్చు. కానీ ఈ అలవాటువల్ల ఖండికలోని మిశ్రభూమి కేవలం రుద్రభూమిగా స్థిరపడింది. అనామక సందర్శకుని స్థానంలో రాజు నిలిచాడు. పేరులేనివారిని పేరులేనివాడు పలకరించే కావ్యం, పదవి కోల్పోయిన చక్రవర్తి స్వగతంగా మారింది.

అభేదం: వర్ణనా, విధియా?

ఈ మార్పు ప్రభావం తీవ్రంగా పడింది అస్పృశ్యతను గురించిన మత్తేభం మీద. ఆ చోట అంటరానితనం తిరగడానికి తావు లేదనీ, పులినీ మేకనూ ఒకే ప్రక్కన చేర్చి జోకొట్టే అభేదధర్మం అక్కడ ఉందనీ ఆ పద్యభావం. హరిశ్చంద్రుని నోట ఇది సొంత పతనాన్ని ఓదార్చుకొనే మాటగా ధ్వనిస్తుంది. రాజు కాపరి అయినా చివరికి అందరూ సమానులే కదా అన్న తాత్త్వికత దాని నుండి సులభంగా వస్తుంది. సుఖంగా విని మరచిపోగల తాత్త్వికత అది.

జాషువ నోట దాని బరువు వేరు. తెలుగు ఊళ్లలో శ్మశానాలు కులంవారీగా విడిపోయి ఉన్న సంగతి ఆ కవికి తెలియనిది కాదు. 1955నాటి అస్పృశ్యతా నేరాల చట్టం బావులు, చెరువులతోపాటు శ్మశానాలనూ పేర్కొని, వాటి వినియోగంలో అడ్డగించడాన్ని శిక్షార్హం చేసింది. 1976లో అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ మళ్లీ శ్మశానాన్ని పేరుపెట్టి చేర్చవలసివచ్చింది. తావు లేదని కవి చెప్పిన చోటనే అంటరానితనానికి తావు ఉన్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

అలాగని పద్యం అవాస్తవమా? పద్యంలోని కర్తను గమనిస్తే చిక్కు విడిపోతుంది. అభేదాన్ని పాటించేది ఊరని గాని, ఊరి పెద్దలని గాని కవి చెప్పలేదు. అందరినీ గర్భంలో చేర్చుకొని జోకొట్టే నేల ధర్మంగా చెప్పాడు. కులం దారిలో ఉంటుంది, సరిహద్దురాతి దగ్గర ఉంటుంది, పాడె ఏ వైపు తిరగాలన్న నిర్ణయంలో ఉంటుంది. మట్టికింద దానికి పని లేదు. కాబట్టి పద్యాన్ని వర్ణనగా చదివితే అది వాస్తవానికి విరుద్ధం, విధిగా చదివితే సంపూర్ణం. ఆ నేలలో అడుగుపెట్టేవారు నేల పాటించే ధర్మాన్ని పాటించాలన్నది ఆ విధి.

ఉపసంహారం

ఆచారం శ్మశానంలో జీవించి ఉన్నవారిని కాపాడే నియమాలు చేసింది. కొలువు సుంకాన్ని కాపాడే నియమం చేసింది. చట్టం ప్రవేశహక్కును కాపాడింది. ‘శ్మశానవాటి’ మృతులను, వారిని తలచుకొనేవారిని దృష్టిలో పెట్టుకొని నాలుగవ రకం నియమాన్ని రూపొందించింది. దుఃఖం ఎవరిదో ఎరిగి నిలబడడం, వెలుగుతున్న దీపాన్ని ముట్టకపోవడం, పేరు తెలియనివారికీ ఒక పనినీ ఒక ఇంటినీ ఊహించడం, చితికీ సమాధికీ ఒకే గౌరవం ఇవ్వడం, ఎవరి పాడెకూ అడ్డు నిలవకపోవడం దాని అంశాలు. రంగస్థల గానం ఈ పద్యాలను జనానికి చేర్చిన మేలు చిన్నది కాదు. అయితే పాడిన పద్యాలతో ఆగక, ఖండికను మొత్తంగా, సందర్శకుని మాటగా చదివినప్పుడే అందులోని అస్పృశ్యతా నిరసన ఓదార్పుగా మిగలక, చదివినవారిని కూడా బాధ్యులను చేసే మాట అవుతుంది. ‘శ్మశానవాటి’ బోధనలో కాటిసీను ప్రస్తావనకు ముందు ఈ భేదాన్ని చూపడం అవసరం.